అమ్మ షుగర్ అంకెలు ఫోన్‌లోకి ఎక్కించడం: నిజంగా ఉపయోగం ఉందా?

ఆలూరు అబ్బాయి
సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మా నాయనా కర్నూలు జిల్లా ఆలూరు దగ్గర మా పల్లెలోనే ఉంటున్నారు. అమ్మకు 58 ఏళ్ళు. మధుమేహం బయటపడి తొమ్మిదేళ్ళు దాటింది. ఉదయం గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర, రాత్రికి ఒక్క మెట్‌ఫార్మిన్ వేసుకుంటుంది. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంది. వారానికి రెండుసార్లు పరగడుపున చూసుకొని, వచ్చిన అంకెను గోడ మీది క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలోనే పెన్సిల్‌తో రాసుకుంటుంది. నెల తిరగగానే ఆ కాగితం చిరిగి ఏ బొరుగుల పొట్లానికో పోతుంది కనుక పాత లెక్కలు ఎప్పుడూ మిగలవు.

నన్ను తికమక పెడుతున్న సంగతి ఇది. చిరగకుండా మిగిలిన రెండు నెలల్లో అంకెలన్నీ 128కి, 145కి మధ్యలోనే ఉన్నాయి. కానీ పోయిన వారం ఆదోనిలో చేయించిన మూడు నెలల సగటు పరీక్ష, అంటే హెచ్‌బీఏ1సీ, 8.6 శాతం వచ్చింది. అక్కడి డాక్టర్ గారు అమ్మను "తీపి తింటున్నావా?" అని గట్టిగానే అడిగారట. తినడం లేదని అమ్మ ఒట్టు పెడుతోంది.

అమ్మ దగ్గర స్మార్ట్‌ఫోన్ ఉంది. వాట్సాప్‌లో మాట రికార్డు చేసి పంపడం బాగా వచ్చు, తెలుగు నిదానంగా చదువుతుంది, టైపు చేయడం రాదు. ఏ యాప్ పెడితే మంచిది? అసలు యాప్ వల్ల అమ్మకు మేలు జరుగుతుందా, లేక దూరాన ఉన్న నా మనసుకు ఊరట కలగడమే దాని ప్రయోజనమా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

కేసీ కాలువ
సోమవారం, రాత్రి 10:25

బాబూ, నేను నంద్యాలలో ఉపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడిని, పంతొమ్మిదేళ్ళుగా ఈ జబ్బుతో కాపురం చేస్తున్నవాడిని. నాలుగేళ్ళపాటు యాప్ వాడి, మళ్ళీ లెడ్జర్ పుస్తకానికి తిరిగి వచ్చాను. ఎందుకు వచ్చానో చెబితే నీకు పనికొస్తుంది.

మొదట పెట్టిన యాప్ నన్ను ఏ కొలమానం కావాలని అడిగింది. కళ్ళద్దాలు లేకుండా ఏదో ఒకటి నొక్కాను. మన దేశంలో డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో చెప్పుకుంటాము. బ్రిటన్ వంటి దేశాల్లో లీటరుకు మిల్లీమోల్‌లలో చెప్పుకుంటారు. మిల్లీమోల్ అంకెను 18తో హెచ్చిస్తే మన అంకె వస్తుంది. ఒక సాయంత్రం బ్లూటూత్ ద్వారా యాప్‌లోకి వచ్చిన అంకె 7.9 అని కనిపించింది. అది మన లెక్కలో 142, అంటే భేషైన అంకె. అది చూసిన మా బావమరిది, షుగర్ పూర్తిగా పడిపోయిందనుకొని, నేను వద్దంటున్నా వినకుండా మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్ళలో కలిపి తాగించాడు. ఆ తరువాత చూసిన అంకె ఎంతో ఇక్కడ రాయను.

కాబట్టి యాప్ పెట్టిన రోజే ఆ కొలమానం సరిచూసుకో. నా మటుకు నాకు కాగితమే మేలనిపించింది. దానికి ఛార్జింగ్ అవసరం లేదు, దేశం ఏదని అడగదు.

సీమ వైద్యురాలు
మంగళవారం, ఉదయం 6:50

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ విభాగంలో పనిచేస్తాను. మీ అమ్మగారిని నేను చూడలేదు కనుక ఇది చికిత్స సలహా కాదు. అంకెలను ఎలా చదవాలన్నది మాత్రమే చెబుతాను.

మీ తికమకకు కారణం మీరు రాసిన దానిలోనే ఉంది. హెచ్‌బీఏ1సీ 8.6 అంటే రోజంతటికీ సగటున రక్తంలో చక్కెర దాదాపు 200 ఉన్నట్టు లెక్క. 28.7తో హెచ్చించి 46.7 తీసివేసే సూత్రం ఉంది, మీరే వేసి చూడండి. పరగడుపున 135 ఉన్న మనిషికి సగటు 200 రావాలంటే, మిగిలిన పొద్దంతా అంతకంటే చాలా పైన ఉండి తీరాలి. అమ్మగారు చూసుకుంటున్నది ఇరవైనాలుగు గంటల్లో అతి ప్రశాంతమైన వేళను మాత్రమే. ఆమె అబద్ధం చెప్పడం లేదు, క్యాలెండర్ కూడా అబద్ధం చెప్పడం లేదు. ఇద్దరికీ మధ్యాహ్నం సంగతి తెలియదు, అంతే.

ఇంకొక అవకాశాన్ని కూడా మరచిపోకూడదు. ఇనుము తక్కువై రక్తహీనత ఉన్నవారిలో హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించవచ్చు. మన ప్రాంతపు ఆడవాళ్ళలో రక్తహీనత ఎంత సాధారణమో ప్రతిరోజూ చూస్తున్నాను. హిమోగ్లోబిన్ పరీక్ష అయిందో లేదో కనుక్కోండి.

ఇక ఫోన్ వల్ల మేలుందా అన్న మీ ప్రశ్న. చెన్నై పరిశోధకులు దక్షిణ భారతంలో చేసి 2013లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. మధుమేహం అంచున ఉన్న 537 మంది పురుషులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు రెండేళ్ళపాటు తిండి, నడక గురించి క్రమంగా సంక్షిప్త సందేశాలు పంపారు. సందేశాలు అందినవారిలో 18 శాతానికి, అందనివారిలో 27 శాతానికి మధుమేహం వచ్చింది. అప్పటి మామూలు ఫోన్‌కు వచ్చే రెండు వరుసల సందేశమే ఆ పని చేసింది. అయితే అది జబ్బు రాకుండా ఆపడానికి చేసిన ప్రయత్నమని గమనించాలి. వచ్చిన జబ్బును అదుపు చేయడం వేరు. అక్కడ అంకెను ఎవరో ఒకరు చూసి, దాన్నిబట్టి తిండినో మందునో మార్చినప్పుడే ఫలితం కనబడుతుంది. రోగి ఎక్కించడం, ఎవరూ తెరచి చూడకపోవడం అనే పద్ధతిలో నడిచే యాప్‌లను నా ఓపీలో చాలా చూశాను.

నా సూచన ఇది. యాప్ ఏదన్నది తరువాత తేల్చుకోవచ్చు. ముందు రెండు వారాలపాటు జంట పరీక్షలు చేయించండి: ఒక పూట తినే ముందు ఒకసారి, మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పటి నుంచి రెండు గంటలకు మరొకసారి. ఈరోజు పొద్దుటి తిండికి, ఎల్లుండి మధ్యాహ్నానికి, ఆ తరువాత రాత్రికి, ఇలా పూట మార్చుకుంటూ పోవాలి. సాధారణంగా తినే ముందు 80 నుంచి 130 మధ్య, తిన్న తరువాత 180 లోపు ఉండాలని చూస్తాము. వయసునూ ఇతర జబ్బులనూ బట్టి ఈ గీత ఒక్కొక్కరికి మారుతుంది.

చీనీతోట
మంగళవారం, మధ్యాహ్నం 1:15

అనంతపురం జిల్లా నార్పల వైపు మాకు చీనీ (బత్తాయి) తోట ఉంది. డాక్టరమ్మ గారు చెప్పిన జంట పరీక్ష నేనూ చేశాను. దానికి ముందు చేసిన పొరపాటు ఒకటి చెబుతాను, మీ అమ్మగారు జాగ్రత్త పడతారు.

ఒకరోజు కోత నడుస్తుండగా చెట్టుకింద కూర్చొని కూలీలకు కాయలు ఒలిచి ఇచ్చి, ఆ చేత్తోనే వేలికి సూది గుచ్చి చూసుకున్నాను. 268 వచ్చింది. ఆ అంకె ఫోన్ ద్వారా హైదరాబాదులో ఉన్న మా అమ్మాయికి తక్షణమే చేరింది, ఆమె ఏడుస్తూ ఫోన్ చేసింది. బోరు దగ్గర సబ్బుతో చేతులు కడుక్కొని, తుడుచుకొని, వేరే వేలికి గుచ్చితే 151. నేను కాయ తినలేదు. వేలి మీద ఆరిపోయిన రసమే ఆ నూరుకు పైబడిన తేడా తెచ్చింది. మామిడిపండైనా సీతాఫలమైనా ఇదే తంతు. శానిటైజర్ రుద్దుకుంటే సరిపోతుందనుకుంటారు, కానీ ఆ జిగురు నీళ్ళకు తప్ప పోదు.

ఫోన్ వేగం మంచిదే. కాకపోతే తప్పుడు అంకెను కూడా అదే వేగంతో ఊరుదాటిస్తుంది.

ప్రొద్దుటూరు మందులకొట్టు
మంగళవారం, రాత్రి 8:05

మా కొట్టులో మీటర్ కంటే, రక్తపు చుక్క అంటించే స్ట్రిప్పుల గురించే ఎక్కువ తగాదాలు వస్తాయి. కొందరు డబ్బా మూత తెరిచి బల్ల మీద వదిలేస్తారు, కొందరు స్ట్రిప్పులను తీసి రేకు డబ్బాలో పోసుకుంటారు. వాటి మీది రసాయనం గాలిలోని తేమకూ వేడికీ చెడిపోతుంది. చాలా డబ్బాల మీద 30 డిగ్రీలు దాటనివ్వవద్దని రాసి ఉంటుంది. మన సీమలో ఏప్రిల్, మే నెలల్లో రేకుల ఇంట్లో ఎంత వేడి ఉంటుందో చెప్పనక్కరలేదు. ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా ఉండగానే వాడినా అంకె సరిగా రాకపోవచ్చు. గది మూల నీడలో, అసలు డబ్బాలోనే, మూత బిగించి ఉంచాలి.

ఇన్సులిన్ వాడేవారికి ఇంకొక మాట. తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడకంలో ఉన్నదాన్ని నెలపాటు బయట ఉంచవచ్చు గానీ మన ఎండలో కాదు. ఫ్రిజ్ లేని ఇళ్ళవారికి మట్టికుండ ఉపాయం చెబుతుంటాను. తడి ఇసుక పోసిన పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి, సీసాను ప్లాస్టిక్ సంచిలో చుట్టి అందులో ఉంచితే బయటి వేడి కంటే చాలా చల్లగా ఉంటుంది.

మీటర్ మీద మితిమీరిన నమ్మకం కూడా వద్దు. 2013 నాటి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, 100 దాటిన అంకెల్లో నూటికి తొంభై అయిదు ప్రయోగశాల ఫలితానికి 15 శాతం అటూ ఇటూ లోపల ఉంటే ఆ మీటర్ సరైనదే. అంటే అసలు 200 ఉన్నవారికి 172 వచ్చినా 228 వచ్చినా మీటర్ తప్పు కాదు. నిన్న 141, ఈరోజు 149 అయిందని మా కొట్టుకు పరుగెత్తుకొచ్చేవారికి ఈ లెక్క చెప్పడానికే నాకు సగం సాయంత్రం పోతుంది.

సంకటి ముద్ద
బుధవారం, ఉదయం 11:30

నేను అనంతపురంలో గృహవిజ్ఞానం బోధిస్తాను. తిండిని నమోదు చేసే యాప్‌ల మీద నాకున్న అసంతృప్తి రాయడానికి ఇదే చోటు.

ఆ యాప్‌లలో కప్పులు, గిన్నెలు, ముక్కలు ఉంటాయి, ముద్ద ఉండదు. ఉగ్గాని అని వెదికితే ఏమీ దొరకదు, బొరుగుల చిరుతిండి అని ఏదో ఒకదాన్ని అంటగట్టాలి. రాగి అని కొడితే పచ్చటి గుర్తు వేసి మెచ్చుకుంటుంది. మన సంకటిలో రాగిపిండితో పాటు బియ్యమో నూకలో కూడా ఉడుకుతాయని దానికి తెలియదు. జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికల ప్రకారం, వంద గ్రాముల పచ్చి రాగుల్లో పిండిపదార్థం దాదాపు 67 గ్రాములు, జొన్నల్లో దాదాపు 68, తెల్ల బియ్యంలో 78. పీచు మాత్రం రాగుల్లో 11, జొన్నల్లో 10 ఉంటే బియ్యంలో 3 గ్రాములు కూడా లేదు. రాగి, జొన్నల మేలు ఆ పీచులో ఉంది. అంతేగాని అవి చక్కెర లేని తిండి కావు. పిడికెడంత ముద్ద వేరు, పళ్ళెం మధ్యలో కొండలా నిలబడే ముద్ద వేరు. "షుగర్ కదా, అన్నం మానేసి సంకటే తింటున్నాను" అనేవారు రెండు పెద్ద ముద్దలు తినడం నేను కళ్ళారా చూశాను. అమ్మగారి మధ్యాహ్నపు పళ్ళెం ఎలా ఉంటుందో ఒకసారి చూడండి.

యాప్‌లో తిండి లెక్క రాయించే పని పెట్టుకోకండి, మూడోరోజుకే విసుగొస్తుంది. పళ్ళెం పక్కన ఒక చెంచా పెట్టి ఫోటో తీసి పంపమనండి. చెంచా ఉంటే ముద్ద కొలత తెలుస్తుంది. జంట పరీక్షకు జత పడేది ఆ ఫోటోనే.

ఏఎన్ఎం అక్క
బుధవారం, రాత్రి 9:10

నేను కడప జిల్లాలో జమ్మలమడుగు వైపు పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తగా తిరుగుతాను. చదువుకున్నవారు ఫోన్ గురించి మాట్లాడేటప్పుడు అది ఆ మనిషిదే అనుకుంటారు. మా రిజిస్టర్‌లో ఆడవాళ్ళ పేరుకు ఎదురుగా ఉన్న నంబర్లలో చాలావరకు భర్తదో కొడుకుదో అయి ఉంటుంది. మాత్ర వేసుకోమని రాత్రి ఎనిమిదికి వచ్చే సందేశం పొలం కాడ మోటారు వేయడానికి వెళ్ళిన మొగుడి జేబులో మోగుతుంది. రీఛార్జి అయిపోతే నంబరే మారిపోతుంది. కేంద్ర ప్రభుత్వం ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి 2016లో మిస్డ్ కాల్ ఇస్తే మధుమేహం గురించి సందేశాలు పంపే ఏర్పాటు చేసింది. మంచి ఆలోచనే, కానీ చదవలేనివారికి సందేశం వచ్చినా రానట్టే.

మీ అమ్మగారికి సొంత ఫోన్ ఉండటం, మాట రికార్డు చేయడం రావడం పెద్ద అనుకూలత. దాన్నే వాడుకోండి. అలారం మోగినప్పుడు "మాత్ర వేసుకోండి" అని కాకుండా మీ గొంతుతో రికార్డు చేసిన మాట వినబడేలా పెట్టవచ్చు. మా పల్లెలో ఒక ముసలాయన, మనవరాలి గొంతు అలారంగా పెట్టిన తరువాత మాత్ర మానలేదు. అదే పాప పట్నం చదువుకు వెళ్ళాక, ఆ గొంతు మోగినప్పుడల్లా బెంగపడుతున్నాడని వాళ్ళ కోడలు తీసేసింది.

గ్లిమెపిరైడ్ వేసుకునేవారు పొలం పనికి వెళ్ళే రోజున తిండి ఆలస్యమైతే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. చెనిక్కాయ పీకే రోజుల్లో ఇది ఎక్కువగా చూస్తాను. చెమట, వణుకు, కళ్ళు తిరగడం మొదలైతే ఫోన్ వెదకడం కాదు, కొంగుకు కట్టిన బెల్లం ముక్కో చక్కెరో నోట్లో పడాలి.

సీమ వైద్యురాలు
బుధవారం, రాత్రి 10:00

అక్క చెప్పినదానికి కొలత కలుపుతాను. 70 కంటే తగ్గితే వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ లేదా చక్కెర, అంటే దాదాపు మూడు చెంచాలు, నీళ్ళలో కలిపి తాగాలి. పదిహేను నిమిషాల తరువాత మళ్ళీ చూసుకొని, ఇంకా 70 లోపే ఉంటే మరోసారి తాగాలి, కోలుకున్నాక భోజనం చేయాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకూడదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి. యాప్‌లో హెచ్చరిక పెట్టుకుంటే 70 దగ్గరే పెట్టుకోండి. పై గీతకు కూడా ప్రతిసారీ మోగేలా పెడితే రెండు రోజుల్లో ఆ శబ్దాన్నే ఆపేస్తారు.

కడప గడప
గురువారం, సాయంత్రం 5:20

మా అత్తగారి విషయంలో ఫోన్ బాగా ఉపయోగపడిన సందర్భం రంజాన్ నెల. ఆమె ఉపవాసం మానరు, ఆ పట్టుదల మాకు తెలుసు. వేలికి సూది గుచ్చి చూసుకుంటే రోజా భంగం కాదని మత పెద్దలు చెప్పారన్న మాట వైద్యుల మార్గదర్శకాల్లోనే ఉంది. డాక్టర్ గారు పండుగకు రెండు నెలల ముందే మందుల వేళలు మార్చి, 70 కంటే తగ్గినా 300 దాటినా ఆ రోజు ఉపవాసం విరమించాలని మా అందరి ఎదుట ఆమెతో ఒప్పించారు. మేము మధ్యాహ్నం రెండుకు, సాయంత్రం నాలుగున్నరకు చూసి, ఆ అంకెను ఇంటివారి వాట్సాప్ గుంపులో పెట్టేవాళ్ళం. నెలలో ఒక్కరోజు 66 వచ్చింది. ఆమె ఒప్పుకోకపోయి ఉండేవారే, కానీ అంకె అందరి ఫోన్లలోనూ కనిపించింది గనుక మారు మాట్లాడకుండా ఖర్జూరం తీసుకున్నారు. ఆఫ్రికాలోని సెనెగల్ దేశంలో 2014లో ఇలాగే రంజాన్ నెలకోసం మధుమేహులకు సందేశాలు పంపడం మొదలుపెట్టారని తరువాత చదివాను.

ఆ నెలలో, చేతికి అంటించి వదిలేస్తే రేయింబవళ్ళు చక్కెర అంకె చూపుతూ ఉండే పద్నాలుగు రోజుల సెన్సర్ కూడా వాడాము. మొదటి రెండు రాత్రులు తెల్లవారుజామున 58, 61 చూపి మమ్మల్ని పరుగులు పెట్టించింది. వేలి నుంచి చూస్తే నూరు పైనే ఉంది. ఆమె సెన్సర్ ఉన్న చేతి మీదే ఒత్తిగిలి పడుకుంటున్నారని, ఆ ఒత్తిడికే అంకె తగ్గి కనిపిస్తోందని మూడో రాత్రికి అర్థమైంది.

కేసీ కాలువ
గురువారం, రాత్రి 7:45

నేను చెప్పదలచినది సరిగ్గా ఇదే. రోజుకు వందల అంకెలు కురిపించే యంత్రాన్ని మనిషి చేతికి అంటించి, అతణ్ణి నిద్రలో కూడా లెక్కల మాస్టారును చేయడం అవసరమా? ఒక్కొక్కటి కొన్ని వేల రూపాయలు, అదీ పద్నాలుగు రోజులకే. లక్షణంగా పుస్తకంలో నాలుగు అంకెలు రాసుకొని నెమ్మదిగా బతకవచ్చు.

కోడ్ అనంత
గురువారం, రాత్రి 9:30

మాస్టారూ, మీతో సగమే ఏకీభవిస్తాను. నేను ఇన్సులిన్ రోజుకు నాలుగుసార్లు వేసుకునే మొదటి రకం మధుమేహిని. రాత్రి మూడు గంటలకు పడిపోతున్న చక్కెరను మీ లెడ్జర్ నాకు చెప్పలేదు, సెన్సర్ చెప్పింది. అది కొలిచేది రక్తంలో కాదు, చర్మం కింది ద్రవంలో, కనుక కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది. అందుకే నేను ఒక్కొక్క అంకెను చూడను. 70కి 180కి మధ్య రోజులో ఎంతసేపు ఉన్నానన్నది చూస్తాను. నూటికి డెబ్బై పాళ్ళు ఆ మధ్యలో ఉండాలని డాక్టర్ గారు నాకు పెట్టిన లక్ష్యం. ఆలూరు సోదరుడి అమ్మగారికి మాత్రం ఇప్పుడు ఇది అక్కరలేదనే నా అభిప్రాయం కూడా.

సోదరుడికి రెండు హెచ్చరికలు. మొదటిది, సూది గుచ్చకుండా చక్కెర చూపుతామనే చేతి గడియారాలు, ఉంగరాలు. అటువంటి దేనికీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2024 ఫిబ్రవరిలో బహిరంగంగా హెచ్చరించింది. ప్రేమకొద్దీ అమ్మకు కొని పంపేవారు చాలామంది ఉన్నారు. అది చూపిన అంకెను నమ్మి మాత్రలో మార్పు చేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

రెండోది, ఉచిత యాప్‌లు. నేను ఒకదానిలో ఫోన్ నంబర్ ఇచ్చి నమోదైన వారంలోపే, షుగర్ పూర్తిగా నయం చేస్తామంటూ ప్యాకేజీలు అమ్మేవారి ఫోన్లు మొదలయ్యాయి. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం వచ్చింది, అయినా మన జాగ్రత్తలో మనం ఉండాలి. యాప్ పెట్టే ముందు మూడు చూడండి: అంకెలను కాగితం మీదికి తీసుకొనే వీలుందా, కాంటాక్టుల జాబితా అడుగుతోందా, ఖాతా తొలగించే దారి ఉందా. కాంటాక్టులతో చక్కెరకు ఏం పని?

ఆలూరు అబ్బాయి
మూడు వారాల తరువాత, ఆదివారం, ఉదయం 10:15

అందరికీ కృతజ్ఞతలు. ఏం చేశామో, ఏం తేలిందో రాస్తున్నాను.

యాప్ పెట్టలేదు. అమ్మకూ నాకూ మధ్య వాట్సాప్‌లో విడిగా ఒక గుంపు చేసి, దానికి "ముద్ద" అని పేరు పెట్టాను. అమ్మ చేతులు కడుక్కొని చూసుకొని, మీటర్ తెర ఫోటో, చెంచాతో సహా పళ్ళెం ఫోటో పంపి, ఏ పూటో నోటితో చెబుతుంది. నేను రాత్రికి వాటిని పట్టికలో ఎక్కిస్తాను. పద్నాలుగు రోజుల్లో పదకొండు జంటలు వచ్చాయి. మూడు రోజులు ఊళ్ళో పెళ్ళి, వాటిని అడగలేదు.

పొద్దున దోశకో ఉగ్గానికో ముందు 130, తరువాత 190 దరిదాపుల్లో ఉంది. రాత్రి జొన్నరొట్టె రోజుల్లో తిన్నాక 175 దాటలేదు. మధ్యాహ్నం సంకటి రోజుల్లో మాత్రం తిన్న రెండు గంటలకు 248, 261, 239. ఫోటోలో ముద్ద పక్కన చెంచా బొమ్మలా కనిపిస్తోంది. సంకటి ముద్ద మేడం గారూ, మీరు చూడకుండానే మా ఇంటి పళ్ళెం చూసినట్టు రాశారు. హిమోగ్లోబిన్ 10.1 వచ్చింది, దానికి కూడా మందు మొదలైంది.

ఆ పట్టికను ఒక్క కాగితంగా తీసి ఆదోనికి పట్టుకెళ్ళాము. డాక్టర్ గారు ఈసారి అమ్మను ఏమీ అనలేదు. కాగితాన్నే రెండు నిమిషాలు చూశారు. షుగర్ మందు మార్చలేదు. మధ్యాహ్నం ముద్ద ఒకటికి, అది కూడా సగం సైజుకు తగ్గించి, ఆ మేరకు పప్పు, ఆకుకూర పెంచమన్నారు. తిన్నాక ఇంటి ముందే ఇరవై నిమిషాలు నడవమన్నారు. నిన్న సంకటి తిన్నాక 188.

ఇప్పుడు కొత్త చిక్కు వచ్చింది. అమ్మ చూసుకుంటుంటే పక్కన కూర్చున్న నాయన, తనకు ఏ జబ్బూ లేదని నిరూపించడానికి అదే సూదితో గుచ్చుకొని చూపించాడు. భోజనమైన రెండు గంటలకు 231. మా గుంపులో మొన్నటి అమ్మ అంకె అనుకొని నేను పట్టికలో కూడా ఎక్కించేశాను. ఇప్పుడు ఏం చేయాలి?

సీమ వైద్యురాలు
ఆదివారం, మధ్యాహ్నం 12:40

ముందు ఆ అంకెను అమ్మగారి పట్టికలోంచి తీసేయండి, మీటర్ జ్ఞాపకంలో ఉన్న ఆ అంకె నాయనగారిదని తేదీ, వేళతో సహా విడిగా రాసి పెట్టండి. లేకపోతే మూడు నెలల తరువాత ఈ 231 మనల్ని మళ్ళీ తికమక పెడుతుంది.

సూది ఒకరిది ఒకరు వాడకూడదు, సూది మార్చినా గుచ్చే పరికరాన్ని పంచుకోకూడదు. హెపటైటిస్ బి వంటివి ఆ దారిన అంటుకుంటాయి. నాయనగారికి వేరే పరికరం కొనండి, స్ట్రిప్పులు ఒకే డబ్బాలోవి వాడవచ్చు.

గ్లూకోమీటర్ అంకెతో జబ్బు ఉందని తేల్చము. రాత్రి ఎనిమిది గంటలపాటు ఏమీ తినకుండా ఉండి, పొద్దున ప్రయోగశాలలో చేతి నరం నుంచి రక్తం ఇవ్వమనండి. పరగడుపున 126 లేదా హెచ్‌బీఏ1సీ 6.5, లేదా అంతకంటే ఎక్కువ ఉంటే, దాన్ని మరొకసారి నిర్ధారించుకున్నాక మాట్లాడుకుందాం.

ఆలూరు అబ్బాయి
ఆదివారం, మధ్యాహ్నం 1:05

అలాగే మేడం. రేపు పొద్దున ఆరున్నర బస్సుకు ఆదోని వెళుతున్నారు. నాయన ఒప్పుకోవడానికి ఒకే ఒక షరతు పెట్టాడు: తన అంకె గుంపులో పెట్టకూడదట.